‘ఫాదర్ వద్దు’ అన్న పేషెంట్: బెంగళూరు పాలియేటివ్ వార్డు నుంచి ఒక కేస్ స్టడీ

జబ్బు నయం కాని దశలో నొప్పి, బాధ తగ్గించడానికి చూసుకునే పాలియేటివ్ వార్డులో క్యాథలిక్ పేషెంట్ ఎవరైనా ‘ఫాదర్‌ని పిలవొద్దు’ అంటే కేస్ షీటులో మామూలుగా రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి చావు భయం, రెండోది దేవుడి మీద కోపం. మూడో కారణం ఇంకొకటుంది, దాన్ని అడిగేవాళ్ళు తక్కువ. ‘నేను అందుకు తగను, నాకు ఆ దారి మూసేశారు’ అని ఆ మనిషి ఏళ్ళ తరబడి నమ్ముతూ ఉండడం. ఈ కేసు ఆ మూడో కారణం గురించి. వద్దు అన్న మాటను నేను నొప్పిని చూసినట్టే చూస్తాను. ఎక్కడ, ఎప్పటి నుంచి, దేనివల్ల అని అడగాలి.

నేను మఠకన్యను, చదివింది నర్సింగ్. బెంగళూరులో ఒక క్యాథలిక్ ఆస్పత్రి పాలియేటివ్ టీమ్‌లో పాస్టోరల్ కేర్ (రోగుల ఆధ్యాత్మిక అవసరాలు) చూస్తాను. తెలుగుదాన్ని కాబట్టి గుంటూరు, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన పేషెంట్లను నాకే అప్పగిస్తారు. ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. పేర్లు, మరికొన్ని వివరాలు మార్చాను. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర రహస్యంగా పాపాలు ఒప్పుకునేటప్పుడు, ఈ పేషెంట్ ఏం చెప్పారో నాకు తెలియదు, తెలిసే వీలూ లేదు. ఇక్కడ ఉన్నవన్నీ మామూలు మాటల్లో నాతో చెప్పినవి, నలుగురికీ పనికొస్తే రాసుకోమని ఆయనే అన్నవి.

కేసు

శౌరయ్య గారికి 71 ఏళ్ళు. గుంటూరు జిల్లాలో ఒక పల్లె. లారీల మెకానిక్‌గా పనిచేసి మానేశారు. అన్నవాహికలో క్యాన్సర్, కాలేయానికి పాకింది. అన్నం దిగకపోవడంతో స్టెంట్ వేశారు. జావ, మజ్జిగ, బాగా మెత్తగా చేసిన ఇడ్లీ మింగేవారు. నొప్పికి నాలుగు గంటలకోసారి మార్ఫిన్. కొడుకు కిరణ్ మారతహళ్ళి దగ్గర ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. జబ్బు బయటపడ్డాక తల్లిదండ్రుల్ని తన దగ్గరికే తెచ్చుకున్నాడు. అలా వాళ్ళు బెంగళూరు వచ్చి ఎనిమిది నెలలైంది. భార్య రమణమ్మ గారు హిందువు. కోడలు పుట్టుక నుంచీ క్యాథలిక్.

మా దగ్గరికి వచ్చిన రిఫరల్‌లో ఉన్నది ఇంతే: కుటుంబం అవస్థ అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం రాసి ప్రార్థించే సంస్కారం) అడుగుతోంది, పేషెంట్ ఒప్పుకోవడం లేదు. ఆస్పత్రి చాప్లెయిన్ ఫాదర్ ఒకసారి మంచం దగ్గరికి వెళ్తే శౌరయ్య గారు గోడవైపు తిరిగి పడుకున్నారట. ఫాదర్‌ది తమిళం, కొంచెం కన్నడ. ఈయనకు తెలుగు తప్ప రాదు. ‘భాష సమస్య కావచ్చు’ అని ఎవరో పెన్సిల్‌తో రాశారు. అందులోనూ కొంత నిజం లేకపోలేదు.

కిరణ్ నన్ను కారిడార్‌లోనే ఆపేశాడు. ‘సిస్టర్, నాన్నకు అల్సర్ అని చెప్పాం. ఫాదర్ నూనె పట్టుకుని వస్తే ఆయనకు అర్థమైపోతుంది. నిద్రలో ఉన్నప్పుడు చేసేయొచ్చా?’ అన్నాడు. ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. తెలుగువాళ్ళే కాదు, మంగళూరువాళ్ళూ, తమిళులూ అడుగుతారు. తండ్రి వైపు నుంచీ ఇదే కథ. ఆయనకు అంతా తెలుసు, కొడుకు తట్టుకోలేడని తెలియనట్టు ఉంటున్నారు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే పని మా డాక్టరమ్మ చేశారు, సాయంత్రానికల్లా తేలిపోయింది. దాని మీద ఇక్కడ ఎక్కువ రాయను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. అభ్యంగనం చావుకు గుర్తు అన్న భయం పోగొట్టడానికి నేను కిరణ్‌కు గుణదలను గుర్తుచేశాను. గుణదల మాత పండుగ ఫిబ్రవరి 11. 1992లో రెండవ జాన్‌పాల్ పోపు గారు ఆ రోజునే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు, 1993 నుంచి జరుపుతున్నాం. ఆ రోజు చాలా గుళ్ళలో (చర్చిని మేం గుడి అంటాం), ఆస్పత్రుల్లో పూజ (మాస్) మధ్యలోనే పెద్దవాళ్ళకు, జబ్బుపడినవాళ్ళకు వరసగా అభ్యంగనం చేస్తారు. చేయించుకుని వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళే నడిచి బస్సెక్కి ఇంటికి పోతారు. 1972లో ఆరవ పాల్ పోపు గారు ఈ సంస్కారాన్ని సవరించినప్పటి నుంచీ శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చెప్పేది ఇదే. జబ్బువల్లగానీ వయసువల్లగానీ ప్రాణానికి ముప్పు మొదలైతే చాలు, అప్పుడే తగిన సమయం వచ్చినట్టు. మన ఇళ్ళల్లో మాత్రం ‘అవస్థ’ అన్న పాత మాటే ఉండిపోయింది, దాంతోపాటు ఆఖరి శ్వాస దాకా ఆగే అలవాటూ ఉండిపోయింది.

అయితే దాచిపెట్టి చేయగలిగినవి, చేయలేనివి ఉంటాయి. రోగం పేరు పూర్తిగా చెప్పకముందే అభ్యంగనం చేయొచ్చు. ‘మీకు జబ్బుగా ఉంది, దేవుడి బలం కోసం ప్రార్థిద్దాం’ అంటే అది అబద్ధం కాదు. కడపటి సత్ప్రసాదం అలా కాదు. సత్ప్రసాదం అంటే పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం. చనిపోయే మనిషికి దారి బత్తెంగా ఇచ్చే ఆ సత్ప్రసాదాన్ని, తాను పోతున్నానని తెలియని మనిషికి ఇవ్వడం ఎలా? అందులో ఆయన తన జ్ఞానస్నానం (బాప్తిస్మం) నాటి విశ్వాసాన్ని మళ్ళీ పలకాలి. అందుకే నిద్రలో చేసేయమన్న కోరికకు నేను ఒప్పుకోలేదు. తెలివిలో ఉన్న మనిషి వద్దంటున్నప్పుడు నిద్రపోయేదాకా కాచుకుని నూనె రాయడం సంస్కారం కాదు, దొంగచాటు పని.

వద్దనడానికి కారణం

నేను వాడే పద్ధతి పెద్ద విద్యేం కాదు. మందుల హిస్టరీ తీసుకున్నట్టు సంస్కారాల హిస్టరీ తీసుకుంటాను. జ్ఞానస్నానం ఎక్కడ? మొదటి సత్ప్రసాదం ఏ ఫాదర్ ఇచ్చారు? ఆఖరిసారి సత్ప్రసాదం ఎప్పుడు తీసుకున్నారు? పెళ్లి ఏ గుడిలో? మొదటి రెండింటికీ తెలుగు క్యాథలిక్ పెద్దలు ఉత్సాహంగా జవాబు చెబుతారు. శౌరయ్య గారు కూడా చెప్పారు. ఉపదేశి మేష్టారు జపాలు రాకపోతే చింతబరికెతో కొట్టేవారని, ‘పరలోక జపం’ తప్పు చెప్పి మోకాళ్ళ మీద నిలబడ్డానని. మూడో ప్రశ్నకు ఆగిపోయారు.

‘డెబ్భై ఎనిమిదిలో, ఈస్టర్‌కి.’

‘తర్వాత?’

‘తర్వాత లేదమ్మా.’

ఆ ఏడే రమణమ్మ గారిని గుంటూరు రిజిస్ట్రాఫీసులో పెళ్లి చేసుకున్నారు. రెండు వైపులా గొడవలు. ఊరి గుళ్ళో ఎవరో పెద్దమనిషి, ఫాదరో కాదో ఆయనకే సరిగ్గా గుర్తు లేదు, ‘నీకిక సత్ప్రసాదం లేదు’ అన్నారు. అంతే. 46 ఏళ్ళు ఆ మాట మోశారు. గుడి మానలేదు. క్రిస్మస్ అర్ధరాత్రి పూజకు ప్రతి ఏడూ వెళ్ళేవారు. సత్ప్రసాదం పంచే వేళకు లేచి బయటికొచ్చి చెప్పులు విడిచిన చోట నిలబడి, పాట అయిపోయాక మళ్ళీ లోపలికి వెళ్ళేవారు. ‘లైన్‌లో నిలబడకపోతే పక్కవాళ్ళు చూస్తారు కదా’ అన్నారు. రమణమ్మ గారికి ఈ సంగతి తెలియదు. భార్య కారణంగానే ఇదంతా అనిపించకూడదని ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

కాబట్టి ఫాదర్ మంచం దగ్గరికి వస్తే ఆయనకు వచ్చింది భయం కాదు, సిగ్గు. ఫాదర్ అడుగుతారు, తాను పెళ్లి సంగతి చెప్పాలి, ఆయన కాదంటారు, కొడుకూ కోడలూ ముందే తలవంపులు. ఎందుకొచ్చిన గొడవ అని గోడవైపు తిరిగారు.

పాత పెళ్లికి మార్గం

శ్రీసభ చట్టం ప్రకారం శౌరయ్య గారి పెళ్లికి రెండు లోపాలు ఉన్నాయి. ఒకటి, విచారణ గురువు (ఊరి గుడి బాధ్యత చూసే ఫాదర్), ఇద్దరు సాక్షుల ముందు జరగలేదు. రెండు, జ్ఞానస్నానం లేని వ్యక్తితో పెళ్లికి మేత్రాసనం (బిషప్ గారి డయోసిస్) నుంచి తీసుకోవలసిన మినహాయింపు తీసుకోలేదు. రెండూ సరిదిద్దుకోదగ్గవే. ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే 1978లోనే సరిపోయేది. మేం తెలుసుకోవలసింది ఏమిటంటే, మంచం మీద ఉన్న మనిషికి ఇప్పుడు ఏ మార్గం తగినది?

బెంగళూరులో ఉండడం ఇక్కడ కలిసొచ్చింది. మల్లేశ్వరంలోని సెయింట్ పీటర్స్ పొంటిఫికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శ్రీసభ చట్టం చదువుకోవడానికి తెలుగు మేత్రాసనాల నుంచి ఫాదర్లు వస్తుంటారు. అలాంటి ఒక ఫాదర్ గారు ఆస్పత్రికి వచ్చారు. తెలుగు వచ్చు, చట్టమూ వచ్చు. మొదట శౌరయ్య గారి పక్కన కూర్చుని పొగాకు ధరల గురించి, ఊళ్ళో మిర్చి కల్లాల గురించే మాట్లాడారు. సంస్కారం ఊసే ఎత్తలేదు. రెండోసారి వచ్చినప్పుడు శౌరయ్య గారే పెళ్లి మాట తీశారు.

ఇలాంటప్పుడు చాలామంది ఎంచుకునే దారి, మంచం దగ్గరే మళ్ళీ సమ్మతి పలికించడం. ఇద్దరు సాక్షులు, అయిదు నిమిషాల పని. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితిలో మినహాయింపులు చాలా త్వరగా దొరుకుతాయి. శ్రీసభ చట్టంలోని 1079వ నిబంధన ప్రకారం మేత్రాణుల్ని (బిషప్ గారిని) అందుకునే వీలు లేనప్పుడు విచారణ గురువే ఇవ్వొచ్చు. నాకూ మొదట ఇదే సులువనిపించింది. కానీ రమణమ్మ గారితో మాట అనగానే ఆవిడ ముఖం మారిపోయింది. ‘46 ఏళ్ళు కాపురం చేశాను. మనవళ్ళు కాలేజీకొచ్చారు. ఇప్పుడు నన్ను కొత్తగా పెళ్లికూతుర్ని చేస్తారా? అంటే ఇన్నాళ్ళూ నేనేంటి?’ అన్నారు. అందులో తప్పు పట్టడానికేం లేదు. మా చట్టానికి ఏ పేరున్నా, ఆవిడ చెవికి అది ‘నువ్వు భార్యవి కాదు’ అన్నట్టే వినిపిస్తుంది.

ఫాదర్ గారు అప్పుడు చెప్పిందే రెండో మార్గం. లాటిన్‌లో దాన్ని ‘సనాత్సియో ఇన్ రాదీచే’ అంటారు, 1161వ నిబంధన. పెళ్లిని దాని వేరు దగ్గరే బాగుచేయడం. ఇందులో ఎవరూ మళ్ళీ ప్రమాణం పలకనక్కర్లేదు. అప్పట్లో ఇద్దరూ ఇచ్చుకున్న మాట ఇప్పటికీ నిలిచి ఉంటే చాలు, మేత్రాణులు ఒక ఉత్తర్వుతో అడ్డంకిని తొలగిస్తారు, దాని ఫలితం పెళ్లినాటికి వెనక్కి వర్తిస్తుంది. ఇలాంటి ఒక్కో కేసులో మేత్రాణులకే ఆ అధికారం ఉంది, రోముకు వెళ్ళనక్కర్లేదు. శౌరయ్య గారు మూడు నెలలకు మించి బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఇక్కడి అగ్రపీఠమే (ఆర్చిబిషప్ గారి కార్యాలయమే) చూడొచ్చు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. భార్యో భర్తో అన్యమతస్థులై, దశాబ్దాల కాపురం అయి ఉన్నప్పుడు, గడువు చేతిలో ఉంటే మంచం పక్కన పెళ్లి తంతు పెట్టడం కంటే ఇదే మర్యాద. ఆ రాత్రే విషమించేలా ఉంటే వేరే మాట. పాస్టోరల్ కేర్‌లో ఉన్న చాలామందికి ఈ మార్గం ఉందనే తెలియదు. తెలిసినవాళ్ళు కాగితాల పని అని పక్కన పెడతారు.

కాగితాల పని నిజంగానే ఉంది. ఊళ్ళో విచారణ గురువు జ్ఞానస్నాన పుస్తకంలోని పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. ఆ కాలం పుస్తకం లాటిన్‌లో ఉంది, శౌరి కాస్తా ‘క్సవేరియుస్’ అయి కూర్చున్నాడు. రిజిస్ట్రాఫీసు కాగితం కిరణ్ పాస్‌పోర్టు ఫైల్లో దొరికింది. పిల్లల విశ్వాసం గురించి క్యాథలిక్ వైపు నుంచి తీసుకోవలసిన మాట తీసుకున్నారు. కిరణ్‌కు పసితనంలోనే నాయనమ్మ జ్ఞానస్నానం చేయించింది కాబట్టి అది తేలిగ్గా అయిపోయింది. రమణమ్మ గారికి అన్నీ వివరించి, ఆవిడని విడిగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈయనతో కాపురం కొనసాగించాలన్న మనసు ఇప్పటికీ ఉందా? ఫాదర్ గారు మొహమాటపడుతూనే అడిగారు. ‘మందులేసేది నేను, మూతి కడిగేది నేను. మనసుందా అని అడుగుతారేంటి ఫాదర్ గారూ’ అన్నారావిడ. ఫాదర్ గారు ‘ఉంది’ అని రాసుకున్నారు.

పాపసంకీర్తనం, అభ్యంగనం

ఉత్తర్వు వచ్చేదాకా అన్నీ ఆపుకోనక్కర్లేదు. పెళ్లి సంగతి సరిచేసుకోవడానికి ఆయన సిద్ధపడ్డారు, పశ్చాత్తాపం ఉంది, ప్రాణానికి ముప్పు ఉంది. కాబట్టి పాపసంకీర్తనం, అభ్యంగనం ముందే జరిగాయి.

పాపసంకీర్తనానికి సమయం కుదర్చడం నర్సింగ్ పని. సాయంత్రమైతే ఆయన మాట తడబడేది, ఎవరు ఎవరో కలిసిపోయేవారు. మార్ఫిన్ వేసిన గంటకు నిద్రమత్తు ఎక్కువ, తర్వాతి డోసు దగ్గరపడితే నొప్పి. అందుకని పొద్దున డోసు అయ్యాక రెండు, మూడు గంటల మధ్య సమయం తీసుకున్నాం. మందు ఆపి తెలివి తెప్పించమని కొందరు కుటుంబాలవాళ్ళు అడుగుతారు, అది వద్దు. నొప్పితో మెలికలు తిరిగే మనిషి ఏ పాపాన్నీ గుర్తుచేసుకోలేడు. ఇక గోప్యత. బెంగళూరు వార్డులో కర్టెన్ లాగేస్తే చాలదు. పక్క మంచం ఆయనది కదిరి, ఎదుటి మంచం ఆవిడది కోలారు, తెలుగు అందరికీ వచ్చు. వీల్‌చైర్‌లో డ్రెస్సింగ్ రూముకు తీసుకెళ్ళి తలుపు వేసి బయట నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. బయటికొచ్చాక ‘టీ తాగాలనుంది’ అన్నారు. ఒక చెంచాడు తాగారు.

అభ్యంగనం మధ్యాహ్నం. ఈ సంస్కారం గురువులు మాత్రమే ఇవ్వగలరు, మేం సిస్టర్లం ఇవ్వలేం. మేం చేసేది సిద్ధం చేయడం. మంచం పక్క బల్ల మీద తెల్ల గుడ్డ, సిలువ, తీర్థం, దూది, చిన్న గిన్నెలో నిమ్మకాయ ముక్క, చెయ్యి తుడుచుకునే టవల్. కొవ్వొత్తి మాత్రం వెలిగించనివ్వను. పక్కన ఆక్సిజన్ నడుస్తుంటే నిప్పు దగ్గరికి రాకూడదు. బ్యాటరీ దీపం ఒకటి పెడతాం, దేవుడేం అనుకోడు. ఇంకొక సంగతి అనుభవం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. నూనె నుదుటికీ, రెండు అరచేతులకూ రాస్తారు. చేతికి ఐవీ క్యానులా ఉంటే ఆ నూనె పాకి ప్లాస్టర్ ఊడిపోతుంది. తర్వాత నర్సమ్మ మళ్ళీ సూది గుచ్చాల్సి వస్తుంది, ఎండిపోయిన చేతికి అది నరకం. అందుకే ముందే క్యానులా చుట్టూ గాజుగుడ్డ ఒక వరస చుట్టి, అరచెయ్యి మాత్రం తెరిచి ఉంచుతాను.

ఫాదర్ గారు యాకోబు లేఖలోంచి అయిదో అధ్యాయం 14, 15 వచనాలు చదివారు: రోగి ఉంటే సంఘపు పెద్దల్ని పిలిపించాలి, వాళ్ళు ప్రభువు పేరిట తైలం రాసి ప్రార్థించాలి అన్న మాటలు. తర్వాత ఏమీ మాట్లాడకుండా ఆయన తల మీద రెండు చేతులూ ఉంచారు. నూనె ఆలివ్ నూనె, పవిత్ర వారంలో మేత్రాణులు ఆశీర్వదించి పంపేది. వెండి డబ్బీలో దూది తడిపి ఉంటుంది, బొటనవేలితో అద్దుతారు. నుదుటి మీద సిలువ గురుతు వేసినప్పుడు శౌరయ్య గారు కళ్ళు మూసుకోలేదు, ఫాదర్ గారినే చూస్తున్నారు. అరచేతులు చాపమంటే కుడిచెయ్యి వేళ్ళు తెరుచుకోలేదు. పాత స్పానర్ల చెయ్యి, వేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి. రమణమ్మ గారే ముందుకొచ్చి ఒక్కొక్క వేలూ విప్పి పట్టుకున్నారు. ఆ వేళ్ళ మధ్యే నూనె పడింది.

ఫాదర్ గారు సత్ప్రసాదం కూడా ఇప్పుడే ఇస్తానన్నారు. శౌరయ్య గారే వద్దన్నారు. ‘కాగితం రానివ్వండి ఫాదర్. ఇన్నాళ్ళు ఆగాను.’ నాకు టెన్షనే, స్టెంట్ ఎప్పుడు మూసుకుపోతుందో తెలియదు. కానీ అది ఆయన నిర్ణయం.

సత్ప్రసాదం

ఉత్తర్వు వారం లోపే వచ్చింది. కిరణ్ ఇంగ్లిషులో చదివి తెలుగులో చెప్పాడు. పెళ్లి తేదీ నుంచే చెల్లుతుందన్న వాక్యం దగ్గర శౌరయ్య గారు మళ్ళీ చదవమన్నారు. రమణమ్మ గారు కాగితాన్ని మడిచి మందుల సంచిలో పెట్టుకున్నారు.

అన్నవాహిక క్యాన్సర్ ఉన్నవాళ్ళకు సత్ప్రసాదం ఎలా ఇవ్వాలన్నది మా వార్డులో తరచూ వచ్చే సందేహం. ముందు నోరు శుభ్రం చేయాలి, నాలుక మీద తెల్లపూత ఉంటే అప్పం ముక్క అక్కడే అంటుకుపోతుంది. మంచం తలవైపు బాగా ఎత్తి, గడ్డం కొంచెం కిందికి వంచి, మొదట ఒక చెంచా నీళ్ళు. పొలమారకపోతేనే ముందుకెళ్ళాలి. అప్పంలో గోరంత ముక్క చాలు, క్రీస్తు ముక్కలో కూడా పూర్తిగానే ఉంటారు. చెంచాలో నీళ్ళతో కలిపి నాలుక మీద పెట్టాలి. తర్వాత ఇంకో చెంచా నీళ్ళు, నోరు తెరిపించి చూడాలి. బయటికి వచ్చేస్తే టిష్యూతో తుడిచి చెత్తబుట్టలో వేయకూడదు. విడిగా నీళ్ళ గ్లాసు పెట్టుకుని అందులో కరిగించి, గుళ్ళో అందుకని కేటాయించిన చోట పోస్తాం. సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం ఉండాలన్న నియమం రోగులకు లేదు, వాళ్ళను చూసుకునేవాళ్ళకూ లేదు. ఇది తెలియక పొద్దుటి నుంచి జావ తాగకుండా కూర్చున్న పెద్దవాళ్ళను చూశాను.

శౌరయ్య గారు మింగారు. మింగాక ఆ పూట ఏమీ తినలేదు, నీళ్ళు కూడా వద్దన్నారు. ఎందుకని నేను అడగలేదు.

చివరి వారం

కోడలి తరఫు బంధువులు ఒక ప్రార్థన బృందాన్ని తీసుకొచ్చారు. పెద్దగా పాటలు పాడారు, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కానీ మార్ఫిన్ లాంటి నొప్పి మందులు తీసుకోవడం విశ్వాసం లేకపోవడమేనని ఒకాయన కిరణ్‌కు చెప్పి వెళ్ళాడు. ఆ రాత్రి కిరణ్ తండ్రి ఒంటికి అంటించిన నొప్పి మందు ప్యాచ్ తీసేయమన్నాడు. ఇలాంటప్పుడు డాక్టర్ మాట కన్నా సిస్టర్ మాట పనిచేస్తుంది. 1957లోనే 12వ పయస్ పోపు గారు డాక్టర్లతో మాట్లాడుతూ, బాధ తగ్గించే ఉద్దేశంతో మందు ఇవ్వడం న్యాయమేనని చెప్పారు. క్యాథలిక్ బోధనల గ్రంథం ‘సత్యోపదేశం’ 2279వ పేరాలో కూడా అదే ఉంది. సిలువ మీద క్రీస్తు పడిన బాధను మనం ఎవరి మీదా బలవంతంగా రుద్దకూడదు. ప్యాచ్ అలాగే ఉంది.

స్టెంట్ పైన కణితి పెరిగి నీళ్ళు కూడా దిగడం మానేశాయి. కడపటి సత్ప్రసాదానికి అప్పం ముక్క ఇక కుదరదు. అలాంటివాళ్ళకు ద్రాక్షారస రూపంలో మాత్రమే ఇవ్వొచ్చు. ఫాదర్ గారు మంచం దగ్గరే పూజ చేసి, దివ్యరక్తం రెండు చుక్కలు చెంచాతో నాలుక మీద వేశారు. ముందుగా విశ్వాస ప్రమాణం అడిగారు. ‘విశ్వసిస్తున్నాను’ అనడానికి గొంతు రాలేదు, మూడుసార్లూ చెయ్యి కొద్దిగా ఎత్తారు. అవసాన ఘడియలో పోపు గారి పేరిట ఇచ్చే దీవెన కూడా అప్పుడే ఇచ్చారు.

రెండు రోజులకు స్పృహ పోయింది. కిరణ్ ‘మళ్ళీ అభ్యంగనం చేయించండి’ అని ఫోన్ చేశాడు. జబ్బు ఇంకా విషమిస్తే మళ్ళీ చేయొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ అప్పుడు కావలసింది అది కాదని ఫాదర్ గారు చెప్పారు. అన్నీ అయిపోయాయి. మిగిలింది ఆ ఆత్మను దేవునికి అప్పగించే ప్రార్థనలు, వాటికి ఫాదర్ కోసం ఆగనక్కర్లేదు. కుటుంబమే చేయొచ్చు. కోడలు ప్రార్థన పుస్తకం చూసి చదివింది, కిరణ్ తడబడుతూ మంగళవార్త జపం చెప్పాడు. పదేళ్ళుగా చెప్పలేదట, సగంలో మరిచిపోతే పక్క మంచం కదిరి ఆయన భార్య అందించింది. ఆవిడదీ మా మతమేనని నాకు అప్పుడే తెలిసింది.

రమణమ్మ గారు చిన్న స్టీలు గ్లాసుతో వచ్చారు, అందులో తులసి ఆకు వేసిన నీళ్ళు. ‘వాళ్ళ పద్ధతిలో అన్నీ అయ్యాయి కదా సిస్టర్, నేను ఇది పోయొచ్చా?’ అన్నారు. కోడలు నా వైపు చూసింది, కాదనమని. నేను కాదనలేదు. గొంతులో పోస్తే పొలమారుతుంది, అది మాత్రం వద్దన్నాను. స్పాంజి పుల్ల ఇచ్చి పెదవులు, చిగుళ్ళు తడపమన్నాను. నర్సులం రెండు గంటలకోసారి చేసే పనే అది. నేను ఆమెతో కలిసి మంత్రమేమీ చదవలేదు, ఆమె చేసేదాన్ని ఆపనూ లేదు. మా సిస్టర్ల సభలో ఒక సిస్టర్‌కు ఇది నచ్చలేదు, గట్టిగానే అన్నారు. నా మనసు మారలేదు. ఆయన సంస్కారాలు ఆయన తీసుకున్నారు. నలభై ఆరేళ్ళ భార్య భర్త నోరు తడపడానికి నా పర్మిషన్ అక్కర్లేదు.

తెల్లవారుజామున పోయారు. దేహాన్ని ఊరికి తీసుకెళ్ళారు. విచారణ గురువు గుళ్ళోనే పూజ పెట్టి, క్యాథలిక్ సమాధుల్లోనే ఉంచారు. సరిచేసిన పెళ్లిని అదే జ్ఞానస్నాన పుస్తకంలో ‘క్సవేరియుస్’ పక్కన నమోదు చేశామని ఆయన తర్వాత కబురు పంపారు.

మా అడ్మిషన్ ఫారంలో ఇదివరకు ‘మతం’ అన్న ఒక్క గడే ఉండేది. ఇప్పుడు క్యాథలిక్ పేషెంట్లకు ఇంకో రెండు ప్రశ్నలు చేర్చాం: ఆఖరిసారి సత్ప్రసాదం ఎప్పుడు, పెళ్లి ఎక్కడ. కొందరు నర్సులు రెండోది అడగడానికి ఇబ్బంది పడతారు, ‘అది ఫాదర్లు అడగాల్సింది’ అంటారు. ఫాదర్లు అడిగేసరికి పేషెంట్ గోడవైపు తిరిగి ఉంటాడు కాబట్టి నేను మొదటి రోజే, బీపీ చూస్తూ అడుగుతాను. బెంగళూరుకు తల్లిదండ్రుల్ని తెచ్చుకునే తెలుగు పిల్లలకు కూడా ఇదే చెబుతున్నాను: ఆధార్, ఇన్సూరెన్స్ కార్డుతోపాటు ఊరి గుడి నుంచి జ్ఞానస్నాన పత్రం, పెళ్లి పత్రం ఫోటోలు ఫోన్‌లో పెట్టుకోండి. అమ్మానాన్నలు సత్ప్రసాదం లైన్‌లో నిలబడుతున్నారో లేదో ఈ ఆదివారమే గమనించండి, నిలబడకపోతే ఎందుకో మెల్లగా అడగండి.